పాత బంగారు రిపీటర్ గడియారం గంటలు తప్పు కొడుతుంటే

తలమీది బొడిపె నొక్కితే గంటలు, పావుగంటలు కొట్టి చెప్పే జేబు గడియారమే రిపీటర్. అగ్గిపెట్టె లేని రోజుల్లో రాత్రిపూట టైము తెలుసుకోవడానికి పుట్టింది. 1687లో లండన్‌లో గడియారాలు చేసే డేనియల్ క్వేర్, ఎడ్వర్డ్ బార్లో అనే మతగురువు ఇది నాదంటే నాదని పోటీపడితే, ఇంగ్లండు రాజు రెండో జేమ్స్ క్వేర్ వైపు మొగ్గాడు. బార్లో గడియారానికి గంటలకో బొడిపె, పావుగంటలకో బొడిపె. క్వేర్‌ది ఒక్క నొక్కుతో అయిపోతుంది. ఆ కాలపు లండన్ గడియారం మీ దగ్గరుంటే, విప్పించే ముందు ఇవి చూడండి.

పదింటికి నొక్కితే ఆరే కొడుతోంది

టెన్షన్ పడకండి. బొడిపె నొక్కడమంటే కొట్టే స్ప్రింగును బిగించడమే. లోపల నత్తగుల్లలా మెట్లు తీసిన బిళ్ల ఒకటి ఉంటుంది. నొక్కు ఎంత లోతుకు వెళ్తే అన్ని గంటలు. వేలు సగంలో వదిలేస్తే సగమే కొడుతుంది. పూర్తిగా నొక్కకపోతే అసలు కొట్టకుండా ఆపే ఏర్పాటు ఆ తొలి గడియారాల్లో లేదు. బొటనవేలితో ఒకే ఊపున, అడ్డు తగిలేదాకా నొక్కి వదలండి. మూడుసార్లు లెక్కపెట్టండి. సరిగ్గా వస్తే గడియారం బాగున్నట్టే. మధ్యలో బిగుసుకుంటే మాత్రం బలం చేయొద్దు, నూనె ఎండి ఉంటుంది. అప్పుడు తెలిసినవాళ్లతో శుభ్రం చేయించాలి.

ప్రతిసారీ ముల్లుకీ మోతకీ ఒకే తేడా

గంటల ముల్లు జారింది. మోతనే నమ్మండి. నాలుగు కొడితే చిన్నముల్లును నాలుగు మీదికి తిప్పించండి.

మోత మందగించింది

మోగే గంట కేసు (గడియారం పై తొడుగు) అడుగున ఉంటుంది. మోత బయటికి రావాలనే కేసుకు లతల్లా చిల్లులు కోస్తారు. ఈ గడియారాలకు కేసులు రెండు, ఒకదానిలో ఒకటి. లోపలి కేసుకీ బయటి కేసుకీ మధ్య రిపేరు చేసినవాళ్లు పెట్టిన గుండ్రటి కాగితాలు పేరుకుని ఆ చిల్లులు మూసుకుపోవచ్చు. వాటిని చెత్తలో వేయకండి! ఎవరు ఎప్పుడు రిపేరు చేశారో చాలాసార్లు వాటిమీదే ఉంటుంది. చిమటాతో ఒక్కొక్కటీ తీసి, ఏ వరసలో ఉన్నాయో ఫొటో తీసి, అదే వరసలో కవరులో పెట్టండి. గడియారం ఎవరి చేతులు మారిందో చెప్పే సాక్ష్యం ఇంత సులువుగా మరోచోట దొరకదు.

కేసు నంబరు, లోపలి నంబరు కలవడం లేదు

బంగారం కోసం కేసు కరిగించి, లోపలి భాగాన్ని వేరే కేసులో పెట్టి ఉండొచ్చు. క్వేర్ పేరు చెక్కి ఉందని సంబరపడొద్దు, ఆ పేరుతో నకిలీలు చాలా వచ్చాయి. హాల్‌మార్క్ చూడండి. ఆ కాలం నుంచి 1798 దాకా ఇంగ్లండులో 22 క్యారెట్లే చట్టబద్ధం. కాబట్టి ఇంగ్లీషు హాల్‌మార్కులో 18 కనిపిస్తే ఆ కేసు తర్వాతిదే. నంబరు కలవకపోతే కలవనట్టే రాసిపెట్టుకోండి, కొత్తగా చెక్కించొద్దు. మెరుపు కోసం పాలిష్ కూడా వద్దు, దాంతో మొదట అరిగిపోయేవి కేసు చేసినవాడి పొడి అక్షరాలే.