యూజ్‌నెట్ న్యూస్‌గ్రూపుల్లోకి వెళ్లాలంటే

అమలాపురంలో కూర్చుని యూజ్‌నెట్ (విషయానికో న్యూస్‌గ్రూపు చొప్పున జనం పోస్టులు రాసుకునే పాత ఇంటర్నెట్ చర్చావేదిక) చూడాలంటే ముందు బ్రౌజర్‌ని పక్కన పెట్టండి, ఎందుకంటే బ్రౌజర్‌లో యూజ్‌నెట్ చూపించే గూగుల్ గ్రూప్స్ 2024 ఫిబ్రవరిలోనే కొత్త యూజ్‌నెట్ పోస్టులు తీసుకోవడం ఆపేసింది. కావలసినవి రెండే: థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రాం, ఏదైనా న్యూస్ సర్వర్‌లో (ఈ పోస్టులు దాచి అందించే కంప్యూటర్‌లో) ఖాతా. ఎటర్నల్ సెప్టెంబర్ అనే సర్వర్ ఉచితమే, పేరు నమోదు చేసుకుంటే చాలు.

థండర్‌బర్డ్‌లో న్యూస్‌గ్రూప్ అకౌంట్ తెరిచి సర్వర్ అడ్రస్ కొట్టాక, సెట్టింగుల్లో ఎస్ఎస్ఎల్ (కనెక్షన్‌ని భద్రంగా ఉంచే పద్ధతి) పెట్టి, పోర్టు 563 ఉందో లేదో చూసుకుని, లాగిన్ వివరాలు ఎప్పుడూ అడగమనే గడిలో టిక్ పెట్టండి. చాలామంది తడబడేది ఈ టిక్ దగ్గరే. తర్వాత అకౌంట్ మీద రైట్ క్లిక్ చేసి, సబ్‌స్క్రైబ్ నొక్కి, సాక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు (soc.culture.indian.telugu) అనే గ్రూపు కోసం వెతకండి. 1990ల్లో అమెరికాలోని మనోళ్లు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటూ తెగ వాదించుకున్న చోటు అది. ఇప్పుడంత సందడి లేదు లెండి.

వానాకాలంలో నెట్ ఎప్పుడు పోతుందో తెలియని లంక ఊళ్లవాళ్లు మెసేజులు ముందే ఆఫ్‌లైన్‌కి దించుకోవచ్చు, నాకైతే ఇదే పెద్ద సుఖం.

మొదటి పోస్టు, ప్రయత్నించి చూడటానికే ఉన్న టెస్ట్ గ్రూపులోనే వేయండి. పోస్టుల్లో మీ అసలైన ఈమెయిల్ అడ్రస్ మాత్రం పెట్టకండి, స్పామ్ వాళ్లు ఏరుకుపోతారు. ఒకసారి వెళ్లిన పోస్టు ఎన్నో సర్వర్లకి చేరిపోతుంది, వెనక్కి తీసుకోవడం దాదాపు కుదరదు.