డ్రమ్ము వంచితే చాలదమ్మా, తోమాలి

విశాఖలో కొండవాలు కాలనీల్లో తిరిగే ఆశా కార్యకర్తని నేను. కుళాయి కాసేపే వస్తుంది కాబట్టి మా దగ్గర ప్రతి గుమ్మం ముందూ నీళ్ళ డ్రమ్ములే. డెంగ్యూ దోమ మురిక్కాలవలో కాదు, ఆ డ్రమ్ముల్లోనే పుడుతుంది. కాళ్ళ మీద తెల్లచారలుండే ఆ దోమకి మంచినీళ్ళే కావాలి. పొగ కొట్టి వెళ్ళారని ధీమా పడొద్దు తల్లీ. పొగకి ఎగిరే దోమలు చస్తాయి గానీ నీళ్ళలో పురుగులు చావవు.

గుడ్డు దోమై ఎగరడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే శుక్రవారం డ్రైడే, అంటే నీళ్ళ పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు, అంటూ మేం వారం వారం గుర్తు చేస్తాం. చాలామంది నీళ్ళు పారబోసి మళ్ళీ పట్టేస్తారు. గుడ్లేమో నీటి గీతకి కాస్త పైన డ్రమ్ము గోడనే అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, నీళ్ళు తగలగానే పురుగులవుతాయి. అందుకని పీచు తీసుకుని ఆ గీత చుట్టూ గట్టిగా తోమండి. ఆ నీళ్ళు ఎండిన నేల మీద పారబొయ్యండి. డ్రమ్ము ఆరాక నీళ్ళు పట్టి, మూత సరిపోకపోతే పాత చీర మడతపెట్టి తాడుతో బిగించి కట్టండి. గుడ్డ నీళ్ళలోకి జారకూడదు, తడి గుడ్డ మీద కూడా దోమ గుడ్లు పెడుతుంది.

ఆ పూటే కూలరు, ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంట్ సీసా, మేడ మీద పాత టైరూ చూసెయ్యండి. పెరట్లో వాడని రోలుని బోర్లించలేం కదా, గుంటలో ఇసుక నింపండి.

ఇది పగలు కుట్టే దోమ. పొద్దున్నా, చీకటి పడేముందూ మరీ ఎక్కువ. చంటిపిల్లలు మధ్యాహ్నం ఉయ్యాల్లో నిద్రపోయినా తెర వెయ్యండి. బడికెళ్ళే పిల్లలకి నిండు చేతుల చొక్కా తొడగండి.

జ్వరం వస్తే బరువుని బట్టి పారాసిటమాల్ ఒక్కటే. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. గంజి, కొబ్బరినీళ్ళు, ఓఆర్‌ఎస్ పట్టిస్తూ ఉండండి. పగలు కూడా తెరలోనే పడుకోబెట్టండి. ఆ బిడ్డని కుట్టిన దోమే తర్వాత ఇంకో బిడ్డకి అంటిస్తుంది.

మూడో రోజు తర్వాత జ్వరం తగ్గగానే తల్లులు ఊపిరి పీల్చుకుంటారు. నాకు మాత్రం అప్పుడే భయం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, మత్తుగా పడుకోవడం, చేతులూ కాళ్ళూ చల్లబడటం, ఒంటేలు తగ్గిపోవడం, వీటిలో ఒక్కటి కనిపించినా ఆసుపత్రికి పరుగెత్తండి. అర్ధరాత్రయితే 108కి ఫోన్ చెయ్యండి. బొప్పాయాకు రసం పోసి చూద్దామని ఆగకండి.

జ్వరం ఏ రోజు మొదలైందో కాగితం మీద రాసుకెళ్ళండి. డెంగ్యూ తేల్చే రక్తపరీక్షలు రెండున్నాయి: మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్‌ఎస్‌1, ఆ తర్వాతైతే ఐజీఎం ఎలైజా. ఏ పరీక్ష రాయాలో డాక్టరు ఆ తేదీని బట్టే చూస్తారు.