పార్సర్ మార్చే ముందు ఆ ఒక్క లైను తీసేయండి

మొన్న ఒక సర్వర్‌లో బిల్లుల అప్లికేషన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. దాని కోడ్‌ను ఎవరూ ముట్టుకోలేదు. తప్పు పక్కింట్లో దొరికింది. అదే జేవీఎంలో (జావా ప్రోగ్రాములను నడిపేది) నడిచే మరో అప్లికేషన్, ఎక్స్‌ఎంఎల్ చదివే జెర్సీస్ (Xerces) పార్సర్‌కు మారడం కోసం, మొదలవుతూనే సిస్టమ్.సెట్‌ప్రాపర్టీని పిలిచి, ఆ పార్సర్ ఫ్యాక్టరీ క్లాసు పేరును సిస్టమ్ ప్రాపర్టీగా పెట్టింది. జెర్సీస్ జార్ (క్లాసుల కట్ట ఫైలు) ఉన్నదేమో దాని సొంత లిబ్ ఫోల్డరులోనే. బిల్లుల అప్లికేషన్ ఫ్యాక్టరీ (పార్సర్‌ను తయారుచేసి ఇచ్చే క్లాసు) అడగ్గానే ఆ పేరు చదివి, తన క్లాస్‌లోడర్‌లో (క్లాసులను వెతికి తెచ్చే భాగంలో) వెతికి, దొరక్క ఎర్రర్ విసిరింది.

సిస్టమ్ ప్రాపర్టీ మీ అప్లికేషన్‌ది కాదు, జేవీఎం మొత్తానిది. డాక్యుమెంట్‌బిల్డర్‌ఫ్యాక్టరీ.న్యూఇన్‌స్టన్స్ మొట్టమొదట చూసేది దాన్నే. అందులో లేకపోతేనే జేడీకేలోని (జావా కిట్‌లోని) ప్రాపర్టీస్ ఫైలు, ఆపైన జార్‌లలోని మెటా-ఇన్ఫ్ సర్వీసెస్ ఫోల్డరు, చివరికి జేడీకే సొంత పార్సర్. ముందే లేచి ఫ్యాక్టరీని చేతిలో పెట్టుకున్న అప్లికేషన్‌కు ఏమీ కాదు. అప్లికేషన్లు లేచే వరుస తారుమారైన రోజున ఈ తప్పు బయటపడుతుంది. టెస్టు సర్వర్‌లో ఒక్క అప్లికేషనే ఉంటే అక్కడ అసలు కనబడదు.

పార్సర్ మార్చుకునే వీలు కావాలా? ఫ్యాక్టరీని తయారుచేసే పని ఒక్క క్లాసుకే అప్పగించండి. క్లాసు పేరు మీ కాన్ఫిగరేషన్‌లో రాసుకుని, పేరునూ క్లాస్‌లోడర్‌నూ తీసుకునే న్యూఇన్‌స్టన్స్‌ను పిలవండి. అది జావా 6 నుంచీ ఉంది. ప్రాపర్టీ వంక చూడనే చూడదు. జేడీకే పార్సరే కావాలంటే జావా 9 నుంచి న్యూడిఫాల్ట్‌ఇన్‌స్టన్స్ ఉంది.

మిగిలినవి:

ఏ పార్సర్ వచ్చిందో, ఏ జార్ నుంచి వచ్చిందో మొదలవగానే లాగ్‌లో రాయించండి.

మావెన్ (బిల్డ్ సాధనం) ఇచ్చే డిపెండెన్సీ ట్రీ, అంటే ఏ లైబ్రరీ వెంట ఏది వస్తుందో చూపే జాబితా, చూడండి. ఏదో లైబ్రరీ వెంట పాత జెర్సీస్ వచ్చి చేరితే, మీరు చెప్పకుండానే పార్సర్ మారిపోతుంది.

జేడీకేలో ఉన్న ఎక్స్‌ఎంఎల్ ఇంటర్‌ఫేస్‌లనే మళ్లీ మోసుకొచ్చే ఎక్స్‌ఎంఎల్-ఏపీఐస్ జార్‌ను వార్ ఫైలులో (వెబ్ అప్లికేషన్ ప్యాకేజీలో) పెట్టకండి.

నేమ్‌స్పేస్ అవేర్‌ను (ట్యాగుల నేమ్‌స్పేస్‌లను గుర్తించే సెట్టింగును) మీరే ట్రూ చేయండి. డాక్యుమెంట్‌బిల్డర్‌ఫ్యాక్టరీలో అది డిఫాల్టుగా ఫాల్సే.

బయటి ఎంటిటీలను (బయటి ఫైళ్లను ఎక్స్‌ఎంఎల్‌లోకి లాగే సూచనలను) ఆపే సెట్టింగులు పార్సర్ మారినప్పుడల్లా మళ్లీ సరిచూడండి. పాత జెర్సీస్‌కు వాటిలో ఒకటైన యాక్సెస్ ఎక్స్‌టర్నల్ డీటీడీ అంటే తెలియదు, ఎక్సెప్షన్ విసురుతుంది. దాన్ని ఖాళీ క్యాచ్‌లో పూడ్చిపెట్టారో, సర్వర్‌లోని ఫైళ్లు ఎవరో పంపిన ఎక్స్‌ఎంఎల్ ద్వారా బయటికి పోతాయి. ఆ సెట్టింగు కుదరకపోతే అప్లికేషన్ లేవకూడదు. అంతే.

డాక్యుమెంట్‌బిల్డర్‌ను (ఫ్యాక్టరీ ఇచ్చే పార్సర్‌ను) థ్రెడ్ల మధ్య పంచకండి.

జేడీకే లోపలి జెర్సీస్ క్లాసులను ఇంపోర్ట్ చేయకండి.

పార్సర్‌ను మార్చే సెట్‌ప్రాపర్టీ కోసం కోడ్ అంతా వెతకండి. టెస్టు క్లాసుల్లో కూడా. కనబడితే తీసేయండి. “పెట్టి, ఫ్యాక్టరీ తీసుకుని, వెంటనే తుడిచేస్తున్నాం కదా” అని వాదించేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. ఆ రెండు లైన్ల మధ్య పక్క అప్లికేషన్ థ్రెడ్ వచ్చి దాన్ని చదివితే? తీసేయండి.