ఉల్లి సీజన్‌కు ముందే కాటా సర్వర్‌లో సర్దుకోవాల్సినవి

కర్నూలు యార్డుకు ఖరీఫ్ ఉల్లి దిగిందంటే కాటా దగ్గర బండ్లు బారులు తీరతాయి. తూకం చదివి రైతు ఫోనుకు మెసేజ్ పంపే జావా ప్రోగ్రామ్ మీ చేతిలో ఉంటే, దాన్ని ఆ రద్దీకి ముందే విప్పి చూడండి.

2023 సెప్టెంబరులో జావా 21తో వర్చువల్ థ్రెడ్లు (థ్రెడ్ అంటే ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని; ఇవి వేలల్లో పుట్టించగల తేలికపాటివి) పూర్తి స్థాయిలో వచ్చాక చాలామంది అన్ని పనులనూ వాటికే అప్పజెప్పేశారు. తంటా అక్కడే. వర్చువల్ థ్రెడ్ తనంతట తాను నడవదు, ఆపరేటింగ్ సిస్టమ్ నడిపే ఒక మామూలు థ్రెడ్, అంటే సిస్టమ్ థ్రెడ్, దాన్ని మోయాలి. నాలుగు కోర్ల మిషన్‌లో మామూలుగా మోసేవి నాలుగే. కాటా సీరియల్ పోర్టును చదివే లైబ్రరీ లోపల సీ కోడ్ ఉంటుంది, అందులో ఆగిన వర్చువల్ థ్రెడ్ తనను మోసేదాన్ని వదలదు. నాలుగు కాటాలను ఇలా చదివించారా, నాలుగూ పోర్టుల దగ్గరే ఇరుక్కుంటాయి. మెసేజ్‌లు కదలవు, సీపీయూ ఖాళీగా కనిపిస్తుంది, లాగ్‌లో ఎర్రర్ ఒక్కటీ ఉండదు. కాబట్టి కాటాకొక మామూలు సిస్టమ్ థ్రెడ్ పెట్టండి. మెసేజ్‌లకే వర్చువల్ థ్రెడ్లు.

రెంటి మధ్య హద్దున్న క్యూ ఒకటి చాలు: అర్రే బ్లాకింగ్ క్యూ, 500 చోట్లతో. హద్దు చెప్పకుండా లింక్డ్ బ్లాకింగ్ క్యూ పెడితే, మెసేజ్ గేట్‌వే (మెసేజ్‌లను ఫోన్లకు చేరవేసే సర్వీసు) మొరాయించిన రోజు మెమరీ నిండేదాకా పేరుకుపోతుంది. కాటా థ్రెడ్ మాత్రం 'పుట్' వాడకూడదు. క్యూ నిండితే 'పుట్' అక్కడే నిలబడుతుంది, దాంతో తూకమే ఆగిపోతుంది. (అప్పుడు తిట్లు తినేది కోడ్ రాసినవాళ్లు కాదు, కాటా దగ్గరి కుర్రాడు.) తూకాన్ని ముందు డిస్కు మీద రాసి, తర్వాత 200 మిల్లీసెకన్ల గడువుతో క్యూకు 'ఆఫర్' చేయండి. చోటు దొరక్కపోతే డిస్కులోని ఆ వరుసకు 'పంపలేదు' అని గుర్తు పెట్టి వదిలేయండి, తీరిక వేళ మళ్లీ పంపొచ్చు.

గేట్‌వే ఒకేసారి 20 మాత్రమే తీసుకుంటే వర్చువల్ థ్రెడ్ల పూల్ (లెక్కగా ముందే పుట్టించి ఉంచే గుంపు) కట్టొద్దు, 20 అనుమతుల సెమఫోర్ (ఒకేసారి ఎన్ని సాగాలో లెక్కపెట్టే గేటు లాంటిది) పెట్టండి. అనుమతిని థ్రెడ్ పుట్టించకముందే తీసుకోవాలి. పుట్టాక తీసుకుంటే క్యూలో ఆగాల్సిన బరువు వేల థ్రెడ్లుగా మెమరీలోకి చేరుతుంది. తిరిగి ఇవ్వడం 'ఫైనల్లీ'లోనే, అంటే ఎర్రర్ వచ్చినా నడిచే భాగంలోనే. గేట్‌వే పిలుపుకు టైమవుట్ లేకపోతే ఆ ఇరవై అనుమతులూ ఒక్కొక్కటిగా మాయమవుతాయి.

జావా 21లో 'సింక్రొనైజ్డ్' (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే రానిచ్చే తాళం) లోపల వర్చువల్ థ్రెడ్ ఆగినా, సీ కోడ్‌లో లాగే, ఇదే ఇరుకు. అక్కడ అదే పని చేసే రీఎంట్రంట్ లాక్‌కు మారండి, పాత డేటాబేస్ డ్రైవర్ల మీదా ఓ కన్నేయండి. 2025 మార్చిలో వచ్చిన జావా 24లో ఈ బెడద పోయింది, సీ కోడ్‌ది మాత్రం అలాగే ఉంది.

వర్చువల్ థ్రెడ్లన్నీ డీమన్లే, అంటే అవి నడుస్తున్నా ప్రోగ్రామ్ వాటికోసం ఆగదు. మెయిన్ ముగిసి వేరే మామూలు థ్రెడ్ లేకపోతే, పంపుతున్న మెసేజ్‌లు సగంలోనే పోతాయి. మూసేముందు ఎగ్జిక్యూటర్‌ను (థ్రెడ్లకు పని అప్పగించేదాన్ని) 'క్లోజ్' చేసి అవి ముగిసేదాకా ఆగండి. ఏ వర్చువల్ థ్రెడ్ ఎక్కడ ఆగిందో జావాతో వచ్చే జేస్టాక్ టూల్ చూపదు, జేసీఎండీ అనే మరో టూల్‌లోని థ్రెడ్ డంప్ టు ఫైల్ వాడాలి.

చివరగా, ఉత్తుత్తి తూకాలు వెయ్యి పంపుతూ నెట్ కేబుల్ పీకి పది నిమిషాలు చూడండి. డిస్కు మీద వెయ్యి వరుసలూ ఉండాలి. కేబుల్ పెట్టాక 'పంపలేదు' గుర్తులు ఒక్కొక్కటే చెరిగిపోవాలి.