బాస్ గిటారుకు మార్పులు చేసుకోవడం, రెండు బాసులను పోల్చి చూడడం ఎలా?

చిత్తూరులో ఒక మిత్రుడి దగ్గర కొన్న పాత నాలుగు తీగల బాస్ గిటారు మూగగా పలుకుతోందని విసుగెత్తి, ఆరు వేల రూపాయలు పెట్టి కొత్త పికప్ (తీగల కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే అయస్కాంతపు భాగం) తెప్పించుకుని స్వయంగా బిగించుకున్నాను. నాదం ఇసుమంతైనా మారలేదు. రెండు నెలల తరువాత, తిరుపతి గంగమ్మ జాతరలో వాయించవలసి వచ్చి తీగలు మార్చినప్పుడు మాత్రం అదే గిటారు గణగణలాడింది. లోపం తీగల్లో ఉండగా నేను పికప్‌ను నిందిస్తూ కూర్చున్నానన్నమాట. అందుకే ఈ వ్యాసంలో ఏ పని ఎలా చేయాలన్న దానితో పాటు, ఏ పని తరువాత ఏది చేయాలన్నది కూడా పట్టుగా చెబుతున్నాను: ముందు తీగలు, తరువాత సర్దుబాటు, ఆపైన వైరింగ్, అన్నిటికీ చివర పికప్‌లు. ఇద్దరు మిత్రులు తమ బాసులను పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలనుకున్నా మొదటి రెండు పనులు పూర్తయిన తరువాతే ఆ పోలికకు అర్థం ఉంటుంది.

మీ చేతిలో ఉన్నది ఏ కోవకు చెందినది?

విడిభాగాలు కొనే ముందు ఇది తెలుసుకోవాలి. కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బాసుకు ఆ పేరు రావడానికి కారణం దాని మెట్లే; మెట్లు లేని పెద్ద డబుల్ బాసు మీద వేలు ఆనించి స్వరస్థానం వెతుక్కునే అవసరం లేకుండా, ఇందులో కచ్చితమైన స్థానం చేతికి అందుతుంది. (ఫ్రెట్‌ను మెట్టు అనడం వీణ వాయించేవారి అలవాటు. ఆ మాట బాసుకూ చక్కగా సరిపోతుంది కనుక అదే వాడుతున్నాను.) 1957లో దాని పికప్‌ను రెండు ముక్కలుగా చేసి, ఒక్కో ముక్క రెండేసి తీగలను అందుకునేలా, రెండు ముక్కల్లోనూ పుట్టే కరెంటు గుంయిమనే మోత ఒకదానినొకటి రద్దు చేసుకునేలా అమర్చారు. 1960లో వచ్చిన జాజ్ బాసుకు రెండు విడి పికప్‌లు, తల దగ్గర సన్నటి నెక్ (మెడ) ఉంటాయి. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే లోపలే ప్రీఆంప్ (ధ్వని సంకేతాన్ని పెంచే చిన్న సర్క్యూట్), దానికి బ్యాటరీ పెట్టుకుని వచ్చింది. మన ఊళ్లలో పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ ప్రార్థన మందిరాల్లోనూ కనిపించే బాసులు, మీద ఏ పేరున్నా, ఎక్కువగా ఈ మూడింటిలో ఒకదాని పోలికతో తయారైనవే. ప్రెసిషన్ పోలికవాటిని పి రకం, జాజ్ పోలికవాటిని జె రకం అని పిలుస్తారు. పి రకం పికప్ జె రకం గుంటలో పట్టదు కనుక ఆర్డరు పెట్టే ముందు స్కేలుతో కొలిచి చూసుకోండి.

తీగలు మార్చడం

సాధారణ పొడవు బాసులో, అంటే నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ (గిటారు ఒంటి మీద తీగల కొసలు బిగించే భాగం) దాకా 34 అంగుళాలు ఉన్నదానిలో, నాలుగు తీగలను ఇ, ఎ, డి, జి స్వరాలకు శ్రుతి చేస్తారు. లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు, సన్న తీగ 98 సార్లు కంపిస్తాయి. ఎక్కువమంది వాడే తీగల కట్ట సన్నది 45, లావుది 105 మందం గలది. అంటే అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన అంత మందం. గుండ్రటి చుట్టు ఉన్న రౌండ్‌వౌండ్ తీగలు మెరుపుగా పలుకుతాయి. బల్లపరుపు చుట్టు ఉన్న ఫ్లాట్‌వౌండ్ తీగలు మెత్తగా, కాస్త పాతకాలపు ధ్వనితో పలుకుతాయి. అమెరికాలోని మోటౌన్ రికార్డు సంస్థ పాటలకు బాస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 నాటి ప్రెసిషన్ మీద ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసుకుని, వాటిని మార్చడానికి ఇష్టపడేవాడు కాదు. అందుచేత పాత తీగలన్నీ చెడ్డవని నేననను. ఆయన బాసును పలికించినవి ఆ తీగలు మాత్రమే కాదు కదా.

తీగలను ఒక్కొక్కటిగా మార్చండి; అన్నీ ఒకేసారి విప్పితే నెక్ మీది లాగుడు ఒక్కసారిగా పోతుంది. కొత్తవారు ఎక్కువగా పొరపాటు పడేది తీగను కత్తిరించే చోట. తీగను అది చుట్టుకునే బిరడా దాటి మరో 10, 12 సెంటీమీటర్లు కొలిచి, అక్కడ ముందు పట్టకారుతో నిటారుగా వంచి, వంచిన చోటికి అవతల మాత్రమే కత్తిరించాలి. వంచకుండా కత్తిరిస్తే పైచుట్టు లోపలి ఉక్కు తీగ మీద జారి వదులవుతుంది, ఆ తీగ ఎంత బిగించినా చచ్చుగానే పలుకుతుంది. కత్తిరించిన కొనను బిరడా నడిమి రంధ్రంలోకి దింపి, రెండు మూడు చుట్లు పైనుంచి కిందికి వచ్చేలా తిప్పండి.

మే నెల ఎండల్లో మన చేతి చెమటకు తీగలు త్వరగా చచ్చుబడతాయి. కొత్తవి కొనడానికి చెయ్యి ఆడకపోతే పాత రౌండ్‌వౌండ్ తీగలను పది నిమిషాలు నీళ్లలో మరిగించి, పూర్తిగా తుడిచి ఆరబెట్టి వేసుకోవచ్చు. మడ్డి వదిలి కొన్నాళ్లు మళ్లీ మోగుతాయి. ఇంట్లో గొడవ రాకూడదంటే వంటకు వాడని గిన్నె ఒకటి వేరుగా ఉంచుకోండి.

సర్దుబాటు

గిటారును శ్రుతి చేసి, వాయించే భంగిమలోనే పట్టుకోండి. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి కొలిస్తే దాని బరువే కొలతను మారుస్తుంది. లావు తీగను ఎడమ చేత్తో మొదటి మెట్టు దగ్గర, కుడి చేత్తో నెక్ ఒంటికి కలిసే చోట నొక్కి పట్టి, ఏడో ఎనిమిదో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య సందు చూడాలి. ఆ సందు 0.3 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే చాలు, అంటే మామూలు విజిటింగ్ కార్డు ఒకటి తీగను కదిలించకుండా దూరగలగాలి. సందు ఎక్కువగా ఉంటే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల ఉండే ఉక్కు కడ్డీని) గడియారపు దిశలో, బొత్తిగా లేకపోతే ఎదురు దిశలో తిప్పాలి. ఒకసారికి పావు చుట్టుకు మించవద్దు. తిప్పి, మళ్లీ శ్రుతి చేసి, కొన్ని గంటలు ఆగి మళ్లీ కొలవండి. సరిగ్గా సరిపోయే అలెన్ కీ మాత్రమే వాడండి. బలవంతం చేస్తే తప్ప తిరగడం లేదంటే అక్కడితో ఆపి అనుభవజ్ఞుడికి చూపించండి, ఎందుకంటే రాడ్ తెగితే నెక్ మొత్తం మార్చుకోవలసి వస్తుంది.

ఈ కొలత ఒకసారి చేసి మరిచిపోయేది కాదు. ఏప్రిల్, మే నెలల పొడి వేడికీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమకూ నెక్ కొయ్య కదులుతూనే ఉంటుంది. తిరుపతిలో నేను ఏడాదికి రెండుసార్లు సరిచూసుకుంటాను. ఎండలో నిలిపిన కారులో మాత్రం బాసును ఎప్పుడూ వదలకండి.

నెక్ కుదిరాక తీగల ఎత్తు. ఫెండర్ తన బాసులకు 17వ మెట్టు దగ్గర లావు తీగ కింద సుమారు 2.4, సన్న తీగ కింద సుమారు 2 మిల్లీమీటర్లు సూచిస్తుంది. నెక్ వంపును బట్టి ఇది కాస్త మారుతుంది, గట్టిగా మీటేవారికి ఇంకొంచెం ఎత్తు కావాలి. ఇక్కడొక చిన్న మోసం ఉంది: పిల్లల జామెట్రీ పెట్టెలోని స్కేలుకు సున్నాకు ముందు కొంచెం ఖాళీ అంచు ఉంటుంది, దానితో కొలిస్తే లెక్క తప్పుతుంది. అంచు నుంచే గీతలు మొదలయ్యే ఆరంగుళాల ఉక్కు స్కేలు హార్డ్‌వేర్ దుకాణంలో అడిగి తీసుకోండి.

ఆ తరువాత స్వరశుద్ధి. 12వ మెట్టు మీద తీగను తేలికగా తాకి మీటితే వచ్చే హార్మోనిక్‌నూ, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువ శ్రుతిలో ఉంటే శాడిల్‌ను (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్కను) వెనక్కి, తక్కువ శ్రుతిలో ఉంటే నెక్ వైపుకు జరపాలి, జరిపే ముందు తీగను వదులు చేయాలి. లావు తీగను ఖాళీగా మీటితే ఫోనులోని ట్యూనర్ యాప్ తడబడుతుంది కనుక కేబుల్ గుచ్చే ట్యూనరో, నెక్ చివరి తలకు బిగించే క్లిప్ ట్యూనరో వాడడం మేలు. చివరగా, ఆఖరి మెట్టు నొక్కినప్పుడు తీగకూ పికప్‌కూ మధ్య 3 మిల్లీమీటర్ల దూరం ఉంచి మొదలుపెట్టండి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి స్వరాన్ని వణికిస్తుంది.

వైరింగ్, మోత, ఎర్త్

మూత విప్పగానే ఫోనుతో రెండు ఫొటోలు తీసుకోండి, ఏ వైరు ఎక్కడిదో తరువాత గుర్తుండదు. మోత ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకునే సులువైన పరీక్ష ఇది: తీగలను తాకగానే మోత తగ్గితే బ్రిడ్జ్‌కు పోయే ఎర్త్ వైరు బాగానే ఉంది, తీగలను తాకినా తేడా లేక, కేబుల్ జాక్ లోహాన్ని తాకితే తగ్గితే ఆ వైరు తెగినట్టు, తాకితే మోత ఇంకా పెరిగితే ఎక్కడో రెండు కొసలు తారుమారయ్యాయి.

జె రకంలో రెండు పికప్‌లూ సమానంగా పెట్టినప్పుడు మోత పోయి, ఒకటి తగ్గించగానే రావడం ఆ రకం స్వభావమే గాని దోషం కాదు. దాన్ని తగ్గించడానికి లోపలి గుంటను రాగి రేకుతో కప్పుతారు. తిరుపతిలో రాగి రేకు అనగానే అన్నమయ్య సంకీర్తనలే గుర్తుకొస్తాయి. మన రేకు మాత్రం వెనక జిగురున్న పలుచటి టేపు. ముక్కలన్నీ ఒకదానికొకటి విద్యుత్తు అందించుకునేలా అతికించి, ఒక వైరుతో ఎర్త్‌కు కలిపి, మల్టీమీటరు బీప్ మోడ్‌లో సరిచూడండి. జాక్‌లోని సిగ్నల్ రేకు ఆ రాగికి తగిలితే బాసు పూర్తిగా మూగబోతుంది, అక్కడ ఇన్సులేషన్ టేపు వేయడం మరవకండి.

తక్కువ ఖర్చుతో చేసే మార్పు కంట్రోళ్లది. గరగరలాడే పాట్‌ల (వాల్యూమ్, టోన్ మీటల కింద ఉండే పొటెన్షియోమీటర్ల) స్థానంలో 250 కిలో ఓముల మంచి పాట్‌లు, టోన్‌కు 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేసుకోండి. కెపాసిటర్ విలువ మారితే ధ్వని మారుతుంది. నూనె నింపినదా, మామూలుదా అన్న చర్చకు నా చెవికి ఎప్పుడూ రుజువు దొరకలేదు. పాట్ వెనక టంకం వేసేటప్పుడు చిన్న మొనతో చాలాసేపు కాల్చకుండా, వెడల్పాటి మొనతో త్వరగా ముగిస్తే పాట్ పాడవదు. బ్యాటరీ ఉన్న బాసులో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది కనుక వాయించడం ముగియగానే కేబుల్ తీసేయండి.

ఒక హెచ్చరిక చేయకుండా ముందుకు పోలేను. బ్రిడ్జ్ ఎర్త్ వైరు అంటే మీ చేతికీ ఆంప్ (యాంప్లిఫయర్) ఎర్త్‌కూ నేరుగా లంకె. జాతర పందిళ్లలో జనరేటరు నుంచి లాగిన లైనుకు ఎర్త్ సరిగా లేనప్పుడు, ఒక చేత తీగలు పట్టుకుని మైకుకు పెదవి ఆనిస్తే షాకు కొడుతుంది. నాకు ఒకసారి కొట్టింది. ఆంప్ ప్లగ్గు మూడో పిన్నును విరిచి మోత తగ్గించే అలవాటు ప్రాణాంతకం.

పికప్‌లు, కొయ్య

తీగలు, సర్దుబాటు, వైరింగ్ అన్నీ సరిగా ఉండీ నాదం నచ్చకపోతేనే పికప్ మార్చండి. వాల్యూమ్ నిండుగా పెట్టి, గుచ్చిన కేబుల్ రెండో కొసలో మల్టీమీటరు ఆనిస్తే, పి రకం సుమారు 10 నుంచి 12 కిలో ఓములు చూపడం సాధారణం. ఏమీ చూపకపోతే లోపల ఎక్కడో వైరు తెగింది.

కొయ్య గురించి వాదనలకు అంతు లేదు. నా మట్టుకు కొయ్య విషయంలో నేను చూసేది బరువు. ఐదు గంటల పెళ్లి కార్యక్రమంలో నాలుగున్నర కిలోలు ఒక భుజాన మోసినవారికి నా మాట అర్థమవుతుంది. శేషాచలం పక్కనే ఉన్నాం కదా, ఎర్రచందనంతో బాసుకు ఒళ్లు చేయించుకుంటే ఎలా ఉంటుందని అడిగేవారు ప్రతి బృందంలో ఒకరుంటారు. అనుమతి లేకుండా ఆ దుంగ ఇంట్లో పెట్టుకుంటే బాసు కంటే ముందు కేసు తయారవుతుంది.

పోల్చి చూడడం

రెండు బాసులకూ ఒకే రకం, ఒకే వయసు తీగలు వేయండి. ఒకే కేబుల్, ఒకే ఆంప్ వాడి, ఆంప్ టోన్ మీటలన్నీ నడిమధ్యన పెట్టండి, ఒకరే వాయించండి. తరువాత రెండింటి శబ్దం స్థాయీ సమానం చేయాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. చెవి ఎప్పుడూ బిగ్గరగా ఉన్నదాన్నే మంచిదనుకుంటుంది. ఫోనులో శబ్దం స్థాయి చూపే యాప్‌ను ఆంప్ ముందు ఒకే చోట ఉంచి, అదే స్వరాన్ని అదే బలంతో మీటి, బిగ్గరగా ఉన్న బాసు వాల్యూమ్ తగ్గించండి. రికార్డు చేసి వినాలనుకుంటే హెడ్‌ఫోన్లు తప్పనిసరి. 41 కంపనాల స్వరాన్ని ఫోను స్పీకరు పలికించలేదు, మనం వినేది దాని పై స్వరాలను మాత్రమే.

ఒకసారి కపిల తీర్థం దారిలోని ఒక ఇంటి మేడ గదిలో ఐదుగురం ఇలా కూర్చున్నాం. ఒక పి రకం, ఒక జె రకం. వినేవారు గోడ వైపు తిరిగి కాగితం మీద ఒకటి, రెండు అని రాయాలి. మొదటి విడతలో నలుగురు ఒకే బాసును "వెచ్చగా ఉంది" అని మెచ్చుకున్నారు. శబ్దం స్థాయి సమానం చేసి, దాని ఏడాది నాటి తీగలు తీసి రెండోదాని మీదున్న రకం కట్టే దీనికీ కొత్తగా వేశాక, అదే నలుగురిలో ఇద్దరు రెండోదానికి మారారు, ఒకరు తేడా తెలియడం లేదని రాశారు. జె రకంలో వెనక పికప్ ఒక్కటే పెట్టి మీటినప్పుడు మాత్రం అందరూ తప్పు లేకుండా గుర్తుపట్టారు. అది తీగలను బ్రిడ్జ్ దగ్గర అందుకుంటుంది కనుక దాని గొంతు ముక్కుతో పలికినట్టు ఉంటుంది.

ఒకసారికి ఒక మార్పు మాత్రమే చేసి, తేదీ, తీగల మందం, నెక్ సందు, తీగల ఎత్తు, మార్చిన భాగం ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. తీసేసిన పాత పికప్, పాట్‌లు, స్క్రూలు ఒక కవరులో వేసి, మీద బాసు పేరు రాసి గిటారు సంచిలోనే ఉంచండి. నా ఆరు వేల పికప్ విప్పి పాతది మళ్లీ బిగించుకున్న రోజు ఆ కవరు కోసం ఇల్లంతా వెతకవలసి వచ్చింది.