గర్భిణుల్లో షుగర్ ముప్పును తొలి మూడు నెలల్లోనే పసిగట్టడం ఎలా?

గర్భిణికి షుగర్ ఉందో లేదో తేల్చే పరీక్ష మామూలుగా 24–28 వారాల మధ్య చేస్తారు. మాయ నుంచి వచ్చే హార్మోన్ల వల్ల ఇన్సులిన్ పట్టు సడలేది అప్పుడే. ఆ భారం మోయలేని శరీరం మాత్రం చాలా ముందుగానే రక్తంలో ఆనవాళ్లు చూపిస్తుంది. వాటిని ఇలా చూడాలి.

1. రక్తం తీయకముందే వివరాలు రాసుకోండి: వయసు, గర్భానికి ముందు బరువు, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య), తల్లిదండ్రులకు గానీ తోబుట్టువులకు గానీ షుగర్, గత కాన్పులో షుగర్. అన్నిటికన్నా బరువైన సూచన ఈ చివరిదే. మార్కర్లను, అంటే రక్తంలో కనిపించే ఆనవాళ్లను, వీటితో కలిపి చదవాలి.

2. 8 గంటలు ఖాళీ కడుపుతో ఉండాలి, 14 గంటలు దాటకూడదు. మంచినీళ్లు తాగొచ్చు. బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్రలు వాడుతుంటే ల్యాబ్‌లో ముందే చెప్పాలి, కొన్ని ఇన్సులిన్ పరీక్షల్లో అంకె తారుమారవుతుంది.

3. ఎక్కువ తప్పులు జరిగేది శాంపిల్ దగ్గరే. ట్యూబులోకి చేరాక కూడా రక్తకణాలు గ్లూకోజును తింటూనే ఉంటాయి, మామూలు గదిలో గంటకు 5–7 శాతం చొప్పున. బూడిద రంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబు దీన్ని ఆపుతుంది గానీ, పూర్తిగా పనిచేయడానికి గంటకు పైనే పడుతుంది. కాబట్టి ట్యూబును వెంటనే ఐసులో పెట్టి, అరగంటలోపు ప్లాస్మాను (కణాలు లేని రక్తద్రవాన్ని) వేరు చేయించాలి. ఇన్సులిన్ శాంపిల్‌లో ఎర్రకణాలు చితికితే అంకె తగ్గిపోతుంది. మళ్లీ తీయించడమే మంచిది.

4. లెక్క కట్టండి. ఫాస్టింగ్ గ్లూకోజును (డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో) ఫాస్టింగ్ ఇన్సులిన్‌తో (మిల్లీలీటరుకు మైక్రోయూనిట్లలో) గుణించి 405తో భాగిస్తే హోమా-ఐఆర్ వస్తుంది. ఇన్సులిన్ పట్టు ఎంత సడలిందో చెప్పే అంకె ఇది, పెరిగేకొద్దీ ముప్పు ఎక్కువ. గ్లూకోజు 90, ఇన్సులిన్ 13.5 అయితే సరిగ్గా 3. అదే శాంపిల్ రెండు గంటలు బల్లమీద ఉండి గ్లూకోజు 80కి పడిపోతే 2.67 అవుతుంది. మనిషి మారలేదు, ముప్పు తగ్గలేదు, అంకె మాత్రం తగ్గింది. ఇన్సులిన్ కొలిచే కిట్లు ల్యాబుకో రకం, అందుకే హోమాకు అందరికీ వర్తించే ఒకే హద్దు లేదు. ఆ ల్యాబు హద్దుతోనే పోల్చండి.

5. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 5.7–6.4 శాతం మధ్య ఉంటే ముప్పు ఎక్కువని లెక్క. అది 6.5 గానీ, ఫాస్టింగ్ గ్లూకోజు 126 గానీ వచ్చినా, దాటినా గర్భానికి ముందే షుగర్ ఉండి ఉండొచ్చు, ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి. ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది, ఈమధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే నమ్మలేం. హిమోగ్లోబిన్ చూడకుండా దీన్ని చదవొద్దు. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) ఎక్కువగా, ఆడిపోనెక్టిన్ (కొవ్వు కణాల నుంచి వచ్చే హార్మోను) తక్కువగా ఉండటం కూడా అదే దిశగా చూపిస్తాయి.

6. అంకెలన్నీ బాగున్నా 24–28 వారాల పరీక్ష మానేయొద్దు. ‘మీకేం ఫర్వాలేదు’ అన్న తొందరపాటు మాట తల్లికీ బిడ్డకూ చేటు చేస్తుంది. ఆ రోజు ఖాళీ కడుపున రక్తం తీశాక 75 గ్రాముల గ్లూకోజును 250–300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి 5 నిమిషాల్లో తాగాలి. ఆ గ్లూకోజు పొడి మోనోహైడ్రేట్ (నీటి అణువు కలిసి ఉన్న రకం) అయితే 82.5 గ్రాములు తూచాలి. వాంతి అయితే పరీక్ష చెల్లదు, మరో రోజు చేయించాలి. ఫాస్టింగ్ 92, తాగిన గంట తర్వాత 180, రెండు గంటల తర్వాత 153 (డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో): వీటిలో ఏ ఒక్కటి వచ్చినా, దాటినా గర్భధారణ షుగరే.