పాత 8606లు దొరకడం లేదా? ఐఆర్ఏ బేసిస్‌ను తిరిగి లెక్కగట్టే దారి

అమెరికాలో ట్రెడిషనల్ ఐఆర్ఏ (సొంత రిటైర్మెంట్ పొదుపు ఖాతా)లో పన్ను మినహాయింపు తీసుకోకుండా వేసిన సొమ్మును బేసిస్ అంటారు. దాని మీద పన్ను ముందే కట్టేశారు కాబట్టి, వెనక్కి తీసుకున్నా రోత్ ఐఆర్ఏ (పన్ను కట్టిన సొమ్ము వేసే ఖాతా)కు మార్చుకున్నా మళ్లీ కట్టనక్కర్లేదు. 1987 నుంచి ఈ లెక్క ఫారం 8606లో నడుస్తోంది. దాన్ని భద్రపరచుకోవలసింది ఖాతాదారే. మినహాయింపుకున్న ఆదాయ పరిమితి దాటినా ఏటా ఐఆర్ఏలో వేస్తూ వచ్చిన మన ఉద్యోగులకు, బ్యాక్‌డోర్ రోత్ (ట్రెడిషనల్‌లో వేసి రోత్‌కు మార్చుకునే పద్ధతి) మొదలుపెట్టిన ఏడాది ఈ కాగితాల లోటు తెలిసివస్తుంది. కాగితం లేదని సొంత సొమ్ము మీద రెండోసారి పన్ను కట్టేయకండి. చాలా సందర్భాల్లో లెక్కను తిరిగి నిలబెట్టవచ్చు.

సమస్య: తీసుకున్న సొమ్మంతా పన్ను పడేదిగా కనిపిస్తోంది

సొమ్ము తీసుకున్న ఏడాదికి ఖాతా సంస్థ పంపే 1099-ఆర్‌లో మొదటి గడిలోని అంకే 2ఏ గడిలోనూ ఉంటుంది. పక్కనే 2బీలో, పన్ను పడే మొత్తాన్ని నిర్ణయించలేదన్న గుర్తు ఉంటుంది. ఆ గుర్తును చాలామంది చూడరు. మీ బేసిస్ ఎంతో ఖాతా నడిపే సంస్థకు తెలియదు కనుక మొత్తం అంకె వేసి ఊరుకుంటుంది. అసలు లెక్క తేలేది 8606లోనే.

పన్ను సాఫ్ట్‌వేర్‌లో 8606 తెరిచి రెండో వరుస చూడండి. అది ఖాళీగా ఉంటే, సాఫ్ట్‌వేరో పన్ను సలహాదారో మారినప్పుడు పాత అంకె ముందుకు రాలేదన్నమాట. చివరిసారి దాఖలు చేసిన 8606 2001దో ఆ తర్వాతిదో అయితే, అందులో 14వ వరుస అంకెను ఇక్కడ వేయాలి. ఆ ఒక్క ఫారం దొరికితే, అంతకు ముందు ఏళ్ల తవ్వకం చాలావరకు తప్పుతుంది. అందుకే వెతుకులాట దానితోనే మొదలుపెట్టండి. భార్యాభర్తలు ఉమ్మడి రిటర్ను వేసినా 8606 ఎవరిది వారిదే. ఒకరి అంకె మరొకరి ఫారంలోకి వెళ్లిందేమో కూడా చూడండి.

సమస్య: 8606 ఎప్పుడూ వేయలేదు, లేదా ఒక్కటీ మిగల్లేదు

ఫారం వేయనంత మాత్రాన బేసిస్ రద్దు కాదు. నిరూపించే భారం మాత్రం మీదే. ప్రతి ఏడాదికీ రెండు సంగతులు చూపాలి: సొమ్ము ఖాతాలో పడింది, దానికి మినహాయింపు తీసుకోలేదు. మొదటిదానికి సాక్ష్యం, ఖాతా సంస్థ ఇచ్చే ఫారం 5498. అది రెండో సంగతి చెప్పదు; దానికి ఆ ఏటి 1040 (ఆదాయ పన్ను రిటర్ను) కావాలి. 2017 వరకు 1040లోని ఐఆర్ఏ మినహాయింపు వరుస (2005–17లో అది 32వది), 2018 నుంచి షెడ్యూల్ 1లోని ఐఆర్ఏ మినహాయింపు వరుస ఖాళీగా ఉంటే మీ వాదన నిలుస్తుంది. అక్కడ అంకె ఉంటే ఆ మేరకు బేసిస్ లేదు.

ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) ఇచ్చే ఆదాయ ట్రాన్‌స్క్రిప్టులో 5498లు, డబ్ల్యూ-2లు (యజమాని ఇచ్చే జీతం పత్రాలు), 1099-ఆర్‌లు ఉంటాయి. అయితే అది సుమారు పదేళ్ల వరకే. రిటర్నుల నకళ్లు ఫారం 4506తో, రుసుము కట్టి తెప్పించుకోవచ్చు. సాధారణంగా ఏడేళ్ల తర్వాత వాటిని నాశనం చేస్తారు. అంతకు వెనక్కి వెళ్లాలంటే ఖాతా సంస్థ ఏడాది చివరి స్టేట్‌మెంట్లు, బ్యాంకు నుంచి సొమ్ము వెళ్లిన ఆధారాలు, పాత ఈమెయిల్‌లో పడివున్న రిటర్ను పీడీఎఫ్‌లు వెతకాలి. 1040 ఎక్కడా దొరకకపోతే డబ్ల్యూ-2లో 13వ గడి చూడండి. అక్కడ రిటైర్మెంట్ ప్లాన్ గుర్తు ఉండి, ఆదాయం ఆ ఏటి పరిమితి దాటితే మినహాయింపుకు అర్హతే లేదు. ఆదాయానికి సోషల్ సెక్యూరిటీ ఆదాయ పట్టిక పనికొస్తుంది. అందులో మెడికేర్ వరుస చూడండి, సోషల్ సెక్యూరిటీ వరుస గరిష్ఠ పరిమితి దగ్గర ఆగిపోతుంది. ఇది నేరుగా రుజువు కాదు, కానీ మిగతా ఆధారాలకు బలం.

దొరికిన అంకెలను ఆ కాలపు గరిష్ఠ పరిమితితో సరిచూడండి. 50 ఏళ్ల లోపువారికి 2001 వరకు 2,000 డాలర్లు, 2002–04లో 3,000, 2005–07లో 4,000, 2008–12లో 5,000, 2013–18లో 5,500. అంతకు మించి కనిపిస్తే అది 401(కె) (ఉద్యోగం ద్వారా వచ్చే రిటైర్మెంట్ ఖాతా) నుంచి మార్చిన సొమ్ము అయివుండవచ్చు. 5498లో అది రెండో గడిలో విడిగా ఉంటుంది. ఏప్రిల్‌లోపు వేసిన సొమ్ము ముందటేడాది ఖాతాలో పడివుండే అవకాశమూ ఉంది.

తర్వాత ఏ ఏటికి ఆ ఏటి 8606 నమూనానే, పాత ఏడాది నుంచి వరుసగా నింపండి. ఆ ఏటి పన్ను మారకపోతే ఫారాన్ని విడిగా సంతకం చేసి, ఒక చిన్న వివరణతో పంపడం వాడుకలో ఉంది. వేయనందుకు జరిమానా ఒక్కో ఫారానికి 50 డాలర్లు. తగిన కారణం చూపితే మాఫీ అవుతుంది. బేసిస్‌ను పెంచి చూపితే 100. అందుకని ఆధారం లేని ఏడాదిని కలపకండి.

సమస్య: బేసిస్ తేలింది, అయినా పన్ను పడుతోంది

ఇక్కడ తప్పేమీ లేదు. ముందుగా బేసిస్ మాత్రమే తీసుకుంటానంటే చట్టం ఒప్పుకోదు. 2009 నుంచి 2014 వరకు గరిష్ఠంగా వేసినవారి బేసిస్ 31,000 డాలర్లు. ఏడాది చివరి విలువ, ఆ ఏడు తీసినదీ మార్చినదీ కలిపి 1,24,000 అనుకుంటే, 25 శాతమే పన్ను లేనిది. 20,000 రోత్‌కు మారిస్తే 5,000 మీద పన్ను ఉండదు, 15,000 మీద ఉంటుంది, 26,000 బేసిస్ మిగులుతుంది. మీ పేరున్న సెప్, సింపుల్ ఐఆర్ఏలు (చిన్న వ్యాపారాల ద్వారా తెరిచేవి) కూడా ఈ మొత్తంలో చేరతాయి.

గతంలో తీసుకున్నదానికి మొత్తం పన్ను కట్టేసి ఉంటే, ఆ ఏటి లెక్క కూడా వేయాలి. వాపసు కోసం 1040-ఎక్స్ (సవరించిన రిటర్ను)ను, అసలు రిటర్ను వేసిన మూడేళ్లలోపు, లేదా పన్ను కట్టిన రెండేళ్లలోపు, ఏది తర్వాత వస్తే ఆలోగా పంపాలి.

న్యూజెర్సీలో ఉన్నవారికి

ఈ రాష్ట్రం ఐఆర్ఏ మినహాయింపు ఇవ్వదు. కాబట్టి ఫెడరల్ రిటర్నులో మినహాయింపు తీసుకున్న సొమ్ము కూడా ఇక్కడ బేసిస్ అవుతుంది. రెండు లెక్కలు వేర్వేరుగా ఉంచండి.

ఇండియాకు తిరిగి వచ్చినవారికి

ఐఆర్ఎస్ ఆన్‌లైన్ ఖాతా తెరవలేకపోతే, ట్రాన్‌స్క్రిప్టు అడిగే ఫారం 4506-టీలో ఎనిమిదో వరుస ఎంచుకుని, పోస్టులోనో ఫ్యాక్సులోనో పంపండి. చివరి రిటర్నులోని అమెరికా చిరునామాను నాలుగో వరుసలో తప్పక రాయాలి. సంతకం చేసిన 120 రోజుల్లోగా అది ఐఆర్ఎస్‌కు చేరాలి.